పాపం వాళ్లది, పుణ్యం మాది, కత్తి ఎవరిదో!

జెరూసలేం పాతబస్తీలో, ఏసుక్రీస్తును సమాధి చేసిన చోటని నమ్మే జాగాలో ఒక పెద్ద చర్చి ఉంది. దాని గుమ్మం పైన, కిటికీ కింద గట్టు మీద ఓ బుల్లి చెక్క నిచ్చెన ఆనించి ఉంటుంది. పద్దెనిమిదో శతాబ్దం నుంచీ అది అక్కడే. దానితో ఎవరికీ పని లేదు, అయినా తీసేవాడు లేడు. తీయాలంటే ఆ చర్చిని వాటాలు వేసుకున్న ఆరు క్రైస్తవ శాఖలూ ఒక మాట మీదికి రావాలి. అది ఎలాగూ జరిగేది కాదు కనుక నిచ్చెనకు దీర్ఘాయుష్షు. చర్చి తాళంచెవి ఒక ముస్లిం కుటుంబం దగ్గర ఉంటుంది, తలుపు తెరిచే హక్కు ఇంకో ముస్లిం కుటుంబానిది. సాటి క్రైస్తవుడి చేతికి తాళం ఇస్తే రేపు మనల్ని లోపలికి రానిస్తాడో లేదోనని అందరికీ అందరి మీదా అనుమానం. 2002 ఎండాకాలంలో ఆ చర్చి డాబా మీద కూర్చున్న ఈజిప్టు సన్యాసి ఒకాయన ఎండ తాళలేక కుర్చీని కాస్త నీడలోకి జరుపుకున్నాడు. ఆ నీడ ఇథియోపియా సన్యాసుల వాటా కింద వస్తుందట. రాళ్లు లేచాయి, ఇనప కడ్డీలు లేచాయి, పదకొండు మంది ఆసుపత్రి పాలయ్యారు. ఒకే సిలువకు మొక్కేవాళ్ల మధ్యే ఇంత సౌభ్రాతృత్వం ఉంటే యూదులకూ క్రైస్తవులకూ ముస్లింలకూ మధ్య ఎంత ఉంటుందో వేరే చెప్పాలా!

అలాంటి ఊళ్లో 2005 మార్చి చివర్లో ఒక మహాద్భుతం జరిగింది. ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీలు ఇద్దరూ, రోమన్ కాథలిక్, గ్రీకు, ఆర్మేనియా చర్చిల పెద్దలూ, ముస్లిం మతపెద్దలూ ఒకే బల్ల వెనక పక్కపక్కనే కూర్చున్నారు. నల్ల కోట్లు, నల్ల ముసుగులు, తెల్ల తలపాగాలు, పొడుగాటి గడ్డాలు. ఎవరి కుర్చీ ఎవరి నీడలోకి వచ్చినా ఎవరూ రాయి తీయలేదు. పాలస్తీనా సమస్య తెగిపోయిందా? ఆలయ పర్వతం వివాదం తీరిందా? లేదు. స్వలింగ ప్రేమికుల అంతర్జాతీయ ప్రైడ్ ఊరేగింపు ఆ వేసవిలో జెరూసలేంలో జరగబోతోందని తెలిసింది. అంతే, మూడు మతాలకూ ఒక్కసారిగా అన్నదమ్ములమన్న సంగతి గుర్తొచ్చింది. ఈ సంబంధం కుదర్చడానికి అమెరికాలోని శాన్ డియాగో నుంచి ఒక పాస్టర్ పనిగట్టుకుని వచ్చాడు. అబ్రహాము సంతానాన్ని కలపడానికి ఎందరో మహానుభావులు ఎన్నో శాంతి ఒప్పందాలు రాసి చేతులు కాల్చుకున్నారు. వాళ్లకెవరికీ ఈ కిటుకు తోచలేదు. నోబెల్ కమిటీ కూడా పట్టించుకోలేదు, అదొక అన్యాయం.

ఆ రోజు వాళ్లు చెప్పిందల్లా ఒకటే: ఇది పవిత్ర నగరం, ఈ ఊరేగింపు దాన్ని అపవిత్రం చేస్తుంది, ఆపండి. ఎవరినీ పొడవమని ఎవరూ అనలేదు. ఆ మాట నేను ముందే ఒప్పుకుంటున్నాను, ఎందుకంటే తర్వాత నాకు వచ్చే ఉత్తరాలన్నీ అక్కడి నుంచే మొదలవుతాయి.

మూడు నెలలు గడిచాయి. అంతర్జాతీయ పండుగ వాయిదా పడింది కానీ స్థానిక ఊరేగింపు జూన్ 30న జరిగింది. మేయరు వద్దన్నాడు, కోర్టు జరగాలంది. ఆ ఊరేగింపులోకి యిషాయ్ ష్లిసెల్ అనే మహా నిష్ఠాపరుడైన యూదుడు కత్తితో చొరబడి ముగ్గురిని పొడిచాడు. పోలీసుల దగ్గర అతను దాపరికమేమీ పెట్టుకోలేదు. దేవుడి తరఫున చంపడానికే వచ్చానని, ఈ హేయమైన పని ఈ దేశంలో జరగకూడదని చెప్పాడు. కొత్తగా ఏమైనా చెప్పాడా? మార్చిలో బల్ల దగ్గర పెద్దలు చెప్పిన వాక్యమే ఇది. వాళ్లు దాన్ని సగం దగ్గర ఆపి మైకు కింద పెట్టారు. వీడు మిగతా సగం పూర్తిచేశాడు.

మర్నాటి నుంచి ఖండనలు. ఆ తర్వాతి ఏడు, అంటే 2006లో, వాయిదా పడ్డ అంతర్జాతీయ ఊరేగింపు మళ్లీ వచ్చింది. రక్తం చూశాక కాస్త తగ్గుతారనుకుంటాం కదా. జెరూసలేం వీధుల్లో కరపత్రాలు వెలిశాయి. సొదొమ గొమొర్రా (బైబిల్లో దేవుడు కాల్చేసిన పాపపు ఊళ్లు) వాసుల్లో ఒకరిని చంపినవారికి 20,000 షెకెళ్ల బహుమానమట. ధర ఎవరు కట్టారో ఏమో కానీ, సరుకు ఏమిటో చదివినవాడికల్లా తెలిసింది. నిష్ఠాపరుల పేటల్లో చెత్తకుండీలు తగలబెట్టారు, పోలీసుల మీద రాళ్లు రువ్వారు. ఇంకో బృందం కాస్త కళాత్మకంగా ఆలోచించి గాడిదల్నీ మేకల్నీ తోలుకుని ‘పశువుల ఊరేగింపు’ తీసింది. ఆ పశువులూ స్వలింగ ప్రేమికులూ ఒకటేనని చెప్పడం దాని భావం. గాడిదలు ఎవరినీ పొడవలేదు, ఎవరి తలకూ వెల కట్టలేదు. ఆ ఊరేగింపులో నిష్కళంకంగా నడిచింది అవే. దాన్ని నడిపించిన కుర్రాళ్లలో బెజలెల్ స్మోట్రిచ్ ఒకడు. 2022 డిసెంబరులో ఆయన ఇజ్రాయెల్ ఆర్థిక మంత్రి అయ్యాడు. కష్టపడితే పైకి రావచ్చు.

ష్లిసెల్‌కు కోర్టు మొదట పన్నెండేళ్లు వేసి, అప్పీలులో పదికి తగ్గించింది. 2015 జూలైలో విడుదలయ్యాడు. ఇంటికి వచ్చినవాడు పశ్చాత్తాపం ప్రకటించాడా అంటే, చేత్తో రాసిన కరపత్రాలు పంచాడు. ఊరేగింపును ఆపడం ప్రతి యూదుడి విధి అని, అందుకోసం దెబ్బలకైనా జైలుకైనా సిద్ధపడాలని అందులో రాశాడు. పిల్లకాయలకు కూడా అర్థమయ్యే రాత. పోలీసులకు మాత్రం అర్థం కాలేదు. మూడు వారాలు తిరిగేసరికి, జూలై 30న, అదే ఊరు, అదే ఊరేగింపు, అదే మనిషి, కొత్త కత్తి. ఆరుగురిని పొడిచాడు. అందులో పదహారేళ్ల షీరా బాంకీ మూడు రోజుల తర్వాత చనిపోయింది. ఆ పిల్ల తన స్నేహితులకు తోడుగా నడుద్దామని వచ్చింది. పోలీసు శాఖ విచారణ వేసుకుని, తమ అధికారులే విఫలమయ్యారని తేల్చుకుంది. ఇంత జరిగినదాంట్లో తప్పు మాదేనని ఒప్పుకున్న సంస్థ ఏదైనా ఉంటే అది లాఠీలు పట్టుకున్న శాఖే. గ్రంథాలు పట్టుకున్న శాఖల విచారణ నివేదికలు ఇంకా రావలసి ఉంది.

ఇలాంటి సందర్భాల్లో పనికొస్తుందని ఒక ప్రకటన ముసాయిదా తయారు చేశాను. ఏ మతంవారైనా ఖాళీలు నింపుకుని వాడుకోవచ్చు, హక్కులేవీ నేను అట్టిపెట్టుకోలేదు:

‘…… నగరంలో జరిగిన దారుణాన్ని మేము తీవ్రంగా ఖండిస్తున్నాము. ఇది మతి చలించిన ఒక వ్యక్తి చేసిన పని. మా మతం శాంతిని, ప్రేమను బోధిస్తుంది. ఈ ఘటనకు మా బోధలతో ముడిపెట్టడం …… కోట్ల భక్తుల మనోభావాలను గాయపరచడమే. మృతుల ఆత్మకు శాంతి కలగాలి. అయితే, ……’

ఆ చివరి ఖాళీ కొంచెం పెద్దదిగా ఉంచాను. అసలు ప్రకటన మొదలయ్యేది అక్కడే. పై ఐదు వాక్యాలూ పోలీసుల కోసం, విలేకరుల కోసం. ‘అయితే’ తర్వాతవి మనవాళ్ల కోసం.

మతి చలించిన వ్యక్తి అన్న ముక్క దగ్గర చిన్న చిక్కుంది. ష్లిసెల్‌ను మానసిక వైద్యులు పరీక్షించి, విచారణ ఎదుర్కోవడానికి మతి బాగానే ఉందన్నారు. 2016లో కోర్టు యావజ్జీవంతోపాటు మరో 31 ఏళ్లు వేసింది. మతి చలించడం మాట అటుంచి, అతనికి ఉన్నది అతి శ్రద్ధ. ప్రవచనం వినేవాళ్లలో నూటికి తొంభై తొమ్మిది మంది ఇంటికెళ్లి భోంచేసి పడుకుంటారు. ఆ ఒక్కడే చెప్పింది చెప్పినట్టు మనసుకు పట్టించుకుంటాడు. అంత శ్రద్ధగల శిష్యుణ్ణి పిచ్చివాడంటే ఎలా స్వామీ?

‘అయితే’కు అచ్చమైన నమూనా కావాలంటే 1986 అక్టోబరులో వాటికన్ నుంచి బిషప్పులకు వెళ్లిన లేఖ చూడాలి. సంతకం కార్డినల్ రాట్సింగర్‌ది, తర్వాత పోప్ బెనెడిక్ట్ అయినాయన. ఆ లేఖలో స్వలింగ ప్రేమికుల మీద మాటలతోగానీ చేతలతోగానీ దౌర్జన్యం చేయడం శోచనీయమని, చర్చి పెద్దలు దాన్ని ఖండించాలని స్పష్టంగా ఉంది. చదివి కళ్లు చెమర్చేలోపే తర్వాతి వాక్యాలు వస్తాయి. ఇలాంటి ప్రవర్తనకు రక్షణగా చట్టాలు తెస్తే, తర్వాత వెర్రి ఆవేశాలూ హింసా పెరిగినప్పుడు చర్చిగానీ సమాజంగానీ ఆశ్చర్యపోకూడదని వాటి సారాంశం. నోటితో పలకరించి నొసటితో వెక్కిరించడం అని మనవాళ్లు అన్నది ఇంత పాండిత్యంతో, ఇంత చక్కటి లాటిన్ కాగితం మీద జరగడం అరుదు. కొట్టడం తప్పే, కానీ కొడితే నన్నడక్కు!

2016 జూన్ 12 తెల్లవారుజామున ఫ్లోరిడాలోని ఆర్లాండోలో పల్స్ అనే గే నైట్‌క్లబ్బులో ఒమర్ మతీన్ అనేవాడు తుపాకీతో 49 మందిని చంపాడు. ఐసిస్‌కు విధేయుణ్ణని ఫోనులో ప్రకటించాడు. ఆ రోజు అమెరికాలో జరిగిన బాధ్యతల బంతాట చూడముచ్చటగా ఉంది. చర్చిలు అన్నాయి: చూశారా, ఇస్లాం! మసీదులు అన్నాయి: అబ్బే, ఇది ఇస్లాం కాదు! రెండూ కలిసి ఒక మాట మాత్రం మర్చిపోయాయి, చచ్చిపోయినవాళ్లు పాపులని రెండూ ఏళ్ల తరబడి చెబుతూ వచ్చాయని. సంతాప సందేశాల్లో ‘గే’ అన్న ఒక్క అక్షరం పలకడానికి చాలామంది నాయకులకు నాలుక తిరగలేదు. మతీన్ తండ్రి కొడుకు చేసింది తప్పేనన్నాడు. ఎందుకు తప్పట? స్వలింగ సంపర్కులను శిక్షించేది దేవుడు, అది దాసుల పని కాదట. అంటే తీర్పు సరైనదే, అమలుచేసిన శాఖ మాత్రం వేరు. మరోపక్క కాలిఫోర్నియాలో శాక్రమెంటో పాస్టర్ ఒకడు ఆ ఆదివారమే వేదికెక్కి, ఇందులో ఏడవడానికేముంది, ఇంకా ఎక్కువమంది పోనందుకే విచారమన్నట్టు మాట్లాడాడు. ఐసిస్ వాడు పిస్తోలుతో అన్నది ఈయన బైబిలుతో అన్నాడు. ఇద్దరూ ఎదురుపడితే ఒకరినొకరు కాఫిరని, సైతానని తిట్టుకునేవారు గానీ, ఎజెండా చదివితే ఏకగ్రీవం.

ఆ వారం ఆర్లాండోలో రక్తం ఇవ్వడానికి జనం గంటల తరబడి బారులు తీరారు. స్వలింగ సంబంధంలో ఉన్న మగవాడు మాత్రం ఇవ్వడానికి వీల్లేదు, ఏడాదిపాటు బ్రహ్మచర్యం పాటించి ఉంటే తప్ప. అప్పటి అమెరికా నిబంధన అది. తనవాళ్ల రక్తం నేల మీద ఆరుతుంటే, తన రక్తం పనికిరాదని విని వెనక్కి తిరిగినవాడి సంగతి ఏ సంతాప సందేశంలోనూ లేదు.

ఇక్కడ ఒక నిజం చెప్పకపోతే నేనూ ఆ బంతాటలో ఆడినవాణ్ణవుతాను. రెండేళ్ల తర్వాత మతీన్ భార్య మీద జరిగిన విచారణలో బయటపడ్డ ఆధారాలను బట్టి, అతను ఆ రాత్రి ఆ క్లబ్బును గే క్లబ్బు అని ఏరుకుని వెళ్లినట్టు కనపడదు. ముందు డిస్నీ దుకాణాల సముదాయం వైపు వెళ్లాడు. అక్కడ కాపలా గట్టిగా ఉంది. తర్వాత ఫోనులో నైట్‌క్లబ్బుల కోసం వెతికాడు. అతని కోపమంతా సిరియా, ఇరాక్‌ల మీద అమెరికా వేసే బాంబుల గురించి. కాబట్టి ఆర్లాండోను మతాల ద్వేషానికి తిరుగులేని సాక్ష్యంగా చూపించేవాళ్లు కాస్త తొందరపడ్డారు. అయినా చిత్రమేమిటంటే, హంతకుడి మనసులో ఏముందో ఎవరికీ తెలియకముందే, గుమ్మడికాయల దొంగ ఎవరని ఎవరూ అడగకముందే, ప్రవక్తలందరూ భుజాలు తడుముకున్నారు. తడుముకోని బిషప్పు ఒకాయన ఉన్నాడు. ఫ్లోరిడాలోనే సెయింట్ పీటర్స్‌బర్గ్ కాథలిక్ బిషప్ రాబర్ట్ లించ్. స్వలింగ ప్రేమికుల మీద చిన్నచూపు నాటేది చాలాసార్లు మతమే, మా మతంతో సహా, ఆ చిన్నచూపే ద్వేషమై, చివరికి హింసకు దారితీస్తుందని ఆ కాల్పుల మర్నాడే రాశాడు. ‘అయితే’ లేదు. ఆయన మీద పిడుగు పడలేదు, చర్చి కూలలేదు. ఆ ఏడాదే వయసు మీదపడి రిటైరయ్యాడు.

ఆర్లాండోకు నెలన్నర ముందు, ఏప్రిల్ 25న, ఢాకాలో జుల్హాజ్ మన్నాన్ ఇంటికి కొరియర్ వాళ్లమంటూ కొందరు వచ్చి అతన్నీ, స్నేహితుడు మహబూబ్ తనయ్‌నూ కత్తులతో నరికి చంపారు. బంగ్లాదేశ్‌లో మొదటి గే పత్రిక ‘రూప్‌బాన్’ నడిపినవాడు మన్నాన్. అంతకు పదకొండు రోజుల ముందే, బెంగాలీ కొత్త సంవత్సరం నాడు వాళ్లు చేయాలనుకున్న ఇంద్రధనుస్సు ఊరేగింపును పోలీసులు ఆపేశారు. చంపింది తామేనని అల్‌ఖాయిదా అనుబంధ ముఠా ప్రకటించుకుంది. అప్పుడు హోం మంత్రి ఏమన్నాడు? హత్యను ఖండిస్తూనే, అసహజ లైంగికతను సమర్థించే ఉద్యమాలను మా సమాజం ఒప్పుకోదన్నాడు. మళ్లీ అదే ‘అయితే’. ఈసారి ఆ మాట చట్టం అండతో వచ్చింది. ఆ చట్టమేమో స్వలింగ సంపర్కాన్ని నేరంగా చూసే, విక్టోరియా మహారాణి కాలం నాటి సెక్షన్ 377.

377 అన్నాక మన ఊరు రాకుండా ఉండదు. మెకాలే ముసాయిదా నుంచి పుట్టి 1860లో శిక్షాస్మృతిగా వచ్చిన పుస్తకంలోది అది. మెకాలే చదువులు మన సంస్కృతిని సర్వనాశనం చేశాయని మనవాళ్లు నూరేళ్లుగా సభలు పెట్టి ఏడుస్తూనే ఉన్నారు. ఆయన బడి మ్లేచ్ఛం, ఆయన భాష బానిసత్వం, ఆయన సెక్షన్ మాత్రం సనాతనం! 2009లో ఢిల్లీ హైకోర్టు ఆ సెక్షన్‌ను కత్తిరించగానే, దాన్ని కాపాడటానికి సుప్రీంకోర్టు మెట్లెక్కినవాళ్ల వరస చూస్తే జెరూసలేం బల్ల చిన్నబోతుంది. ఒక జ్యోతిష్కుడు, ముస్లిం పర్సనల్ లా బోర్డు, చర్చిల కూటమి, మనువాదాన్ని పేరులోనే పెట్టుకున్న ఒక సంస్థ. అయోధ్య మీద, ఆవు మీద, మతమార్పిడి మీద ఒకరి గొంతు ఒకరు పట్టుకునేవాళ్లంతా ఒకే ఫైలులో పిటిషనర్లు. 2013 డిసెంబరు 11న సుప్రీంకోర్టు వాళ్ల మాటే నిలబెట్టింది. జాతీయ సమైక్యత కోసం ప్రభుత్వాలు ప్రకటనల మీద ఎంత తగలేశాయో! ఈ పిటిషన్ ఖర్చు కోర్టు ఫీజు మాత్రమే. అదే నెలలో బాబా రాందేవ్ ఇది రోగమని, యోగాతో నయం చేస్తానని ముందుకొచ్చాడు. నయం చేస్తామంటూ వైద్యం పేరుతో హింసించడం వృత్తి నేరమని జాతీయ వైద్య కమిషన్ చెప్పడానికి 2022 దాకా పట్టింది, అదీ మద్రాసు హైకోర్టు చెవి మెలేశాక.

మన దగ్గర ఈ విషయంలో కత్తుల కన్నా ముందు వచ్చినవి రాళ్లు. 1998 డిసెంబరులో ‘ఫైర్’ సినిమా ఆడుతున్న బొంబాయి థియేటర్ల అద్దాలు పగలగొట్టారు శివసేన వాళ్లు. ఇద్దరు తోడికోడళ్లు ఒకరినొకరు ప్రేమించుకోవడం హిందూ సంస్కృతికి అవమానమట. వాళ్ల పేర్లు రాధ, సీత అయ్యేసరికి ఒళ్లు మరీ మండింది. అప్పుడు బాల్ థాకరే పెద్దమనసుతో ఒక పరిష్కారం చూపించాడు: ఆ పేర్లు తీసేసి ముస్లిం పేర్లు పెడితే అభ్యంతరం లేదని. మతపెద్దల సిద్ధాంతమంతా ఆ ఒక్క సలహాలో తేటతెల్లంగా ఉంది. పాపం పక్కింట్లో జరిగితే వినోదం. హత్య కూడా అంతే. పక్కింటివాడు చేస్తే వాడి మతం చేయించింది. మనింటివాడు చేస్తే వాడికి మతి లేదు.

2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను మళ్లీ కత్తిరించింది. పెళ్లి హక్కు అడుగుతూ హైదరాబాద్ నుంచి వెళ్లిన జంట పేరుమీదే 2023లో పెద్ద కేసు నడిచింది. అది పార్లమెంటు చూసుకోవలసిన పని అని అక్టోబరు 17న కోర్టు తేల్చింది. ఆ కేసు వాదనల కాలంలోనూ పలు మతసంస్థలు మళ్లీ ఒక్క తాటి మీదికొచ్చాయి. ఇద్దరు మనుషులు ఒకింట్లో కాపురం పెడితే తాతలనాటి నాగరికత నిలువునా కూలుతుందని ఎవరికి వాళ్లు భయపడ్డారు. అంత గట్టిదైన నాగరికతకు అంత బలహీనమైన పునాది ఎవరు వేశారో వాళ్లే చెప్పాలి.

సరే, పెద్దలు అడిగే ప్రశ్నకు వస్తాను. ‘మేము పాపమని చెప్పినంత మాత్రాన, ఎవడో ఎక్కడో పొడిస్తే మాదా బాధ్యత? మాకు వాక్‌స్వాతంత్ర్యం లేదా?’ ఉంది. నిక్షేపంగా ఉంది. మీ గ్రంథంలో ఉన్నది మీరు నమ్మండి, చెప్పండి, కోర్టు మిమ్మల్ని హంతకులనదు, నేనూ అనను. కానీ ఒక లెక్క మాత్రం తేల్చుకోండి. 2008లో ఇజ్రాయెల్‌ను చిన్న చిన్న భూకంపాలు కుదిపాయి. షాస్ పార్టీ ఎంపీ ష్లోమో బెనిజ్రి లేచి, పార్లమెంటు స్వలింగ ప్రేమికులకు హక్కులివ్వడం వల్లే భూమి కంపిస్తోందన్నాడు. 2020లో కరోనా వస్తే ఇరాక్ మతనాయకుడు ముక్తదా అల్ సద్ర్, స్వలింగ వివాహాల చట్టాలే కారణాల్లో ఒకటన్నాడు. అంటే టెల్ అవీవ్‌లో ఇద్దరు మగవాళ్లు ఒకే దుప్పటి కప్పుకుంటే భూగర్భంలో రాతిపలకలు జరుగుతాయి, ఊహాన్‌లో వైరస్ పుడుతుంది. అంత దూరం వెళుతుంది కార్యకారణ సంబంధం! అదే, ఒక ప్రసంగం వెయ్యిమంది వింటే, అందులో ఒకడు కత్తి తీస్తే మాత్రం, ఆ రెంటికీ మధ్య చీమంత సంబంధం లేదు. మా వాక్యం కొండల్ని కదిలిస్తుంది, కుంటివాణ్ణి నడిపిస్తుంది, తాగుబోతును మారుస్తుంది అని పండుగ రోజు మైకులో చెబుతారు. శవం లేచిన రోజు మాత్రం, మా మాట ఎవడు వింటాడండీ అంటారు. మీ మాటకు బలం ఉన్నట్టా లేనట్టా? ఉంటే హుండీతోపాటు ఇదీ మీ ఖాతాలోనే. లేకపోతే హుండీ ఎందుకు?

ఈ ప్రశ్న నిజంగానే ఒక కోర్టు ముందుకు వెళ్లింది. 2009 మార్చిలో స్కాట్ లైవ్లీ అనే అమెరికా పాస్టర్ ఉగాండా రాజధాని కంపాలాలో మూడు రోజుల సదస్సులో మాట్లాడాడు. స్వలింగ సంపర్కులు మీ పిల్లల మీద కన్నేశారు, మీ కుటుంబాలను కూల్చడానికి కుట్ర పన్నుతున్నారు అన్నది సారాంశం. నాజీ పార్టీ కూడా వాళ్ల పనేనని అంతకుముందే పుస్తకం రాసిన ఘనుడు. ఉగాండాలో తమ ప్రచారం అణుబాంబులా పేలిందని ఎవరో అన్నారని తనే మురిసిపోతూ రాసుకున్నాడు. అదే ఏడాది అక్టోబరులో డేవిడ్ బహాటీ అనే ఎంపీ బిల్లు తెచ్చాడు, కొన్ని సందర్భాల్లో మరణశిక్షతో. అప్పుడు లైవ్లీ, అబ్బే, ఉరి మరీ ఎక్కువ, నేను అంత చెప్పలేదే అన్నాడు. బాంబు నాదే, పేలుడు మాత్రం నాది కాదు!

2010 అక్టోబరులో కంపాలా పత్రిక ఒకటి స్వలింగ ప్రేమికుల పేర్లు, ఫొటోలు వేసి, వీళ్లను ఉరితీయండని రాసింది. అందులో డేవిడ్ కాటో ఫొటో ఉంది. బడిపంతులుగా పనిచేసినవాడు. కోర్టుకెక్కి, 2011 జనవరి మొదట్లో ఆ పత్రిక మీద గెలిచాడు. జనవరి 26న ఇంట్లోనే సుత్తితో తల పగలగొట్టి చంపేశారు. ఇది దొంగతనం, సొంత గొడవ అన్నారు పోలీసులు. ఒకడికి ముప్పై ఏళ్ల శిక్షా పడింది. కాబట్టి ఆ సుత్తిని నేరుగా ఎవరి చేతిలోనూ పెట్టను. ఆ పత్రిక సంపాదకుడు మాత్రం, మేం ఉరితీయమన్నది ప్రభుత్వాన్ని, జనాన్ని కాదు కదా అని వివరణ ఇచ్చాడు. ఎంత పద్ధతైన మనిషి!

కాటో అంత్యక్రియలకు అతని పల్లెలో జనం వచ్చారు, స్నేహితులు రంగురంగుల పట్టీలు కట్టుకుని వచ్చారు. ప్రార్థన చేయవలసిన ఆంగ్లికన్ ఫాదర్ మైకు తీసుకుని, శవపేటిక ముందే నిలబడి, ఇకనైనా పశ్చాత్తాపపడండి, సొదొమకు పట్టిన గతి మీకూ పడుతుందన్న ధోరణిలో అందుకున్నాడు. తోపులాట అయింది, మైకు లాక్కున్నారు. పల్లెవాళ్లు శవాన్ని పూడ్చం పొమ్మన్నారు. చివరికి స్నేహితులే పేటిక మోశారు. చర్చి వెలివేసిన ముసలి బిషప్ క్రిస్టఫర్ సెన్యోంజో ఆఖరి ప్రార్థన చదివాడు. తిలాపాపం తలా పిడికెడు అంటారే, అక్కడ గుప్పెడు మట్టి వేయడానికి కూడా చేతులు రాలేదు. ఆ బిల్లు 2014లో చట్టమైంది, కోర్టు కొట్టేసింది, 2023లో అలాంటిదే మరొకటి మరణశిక్షతో సహా చట్టమై కూర్చుంది.

ఉగాండా హక్కుల సంఘం 2012లో లైవ్లీ మీద అమెరికాలోనే, మసాచుసెట్స్ ఫెడరల్ కోర్టులో దావా వేసింది. నేను మాట్లాడానంతే, మాటలకు శిక్షేమిటి, వాక్‌స్వాతంత్ర్యం నా హక్కు అని ఆయన వాదించాడు. 2017 జూన్‌లో జడ్జి మైకేల్ పోన్సర్ తీర్పు చెప్పాడు. హాని జరిగింది విదేశంలో కనుక ఈ కోర్టుకు అధికారం లేదు, కేసు కొట్టేస్తున్నాను అన్నాడు. అన్నవాడు అంతటితో ఊరుకోలేదు. ఉగాండాలో జరిగిన అణచివేతకు ఈయన తోడ్పడ్డాడనడంలో సందేహం లేదని, ఈయన చెప్పేది తలతిరుగుడు ద్వేషమని తీర్పులో ఉతికి ఆరేశాడు.

లైవ్లీ గెలిచాడు. పైసా కట్టక్కర్లేదు, ఒక్క రోజు జైలు లేదు. అయినా పై కోర్టుకు అప్పీలు చేసుకున్నాడు. తీర్పులో తన గురించి జడ్జిగారు రాసిన మాటలు తన పరువుకు నష్టం కలిగిస్తున్నాయట, వాటిని తీసేయించాలట. 2018 ఆగస్టులో పై కోర్టు కుదరదంది. గెలిచినవాడికి అప్పీలేమిటి నాయనా, మాటలే కదా అని పంపించేసింది.